పాపకి జర్మన్ మామ్మగారి పేరు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. చాలా ఏళ్లుగా జర్మనీలో, కొలోన్ నగరంలో ఉంటున్నాను. మా ఆయన జర్మన్. ఇంకో మూడు నెలల్లో మాకు పాప పుట్టబోతోంది. ఆయన నాయనమ్మ కేటె నిరుడు పోయారు. పాపకి ఆ పేరే పెట్టాలని మా అత్తగారి కోరిక. మా ఆయనకీ ఇష్టమే. ఆవిడంటే నాకూ ప్రాణం. మా పెళ్లికి 79 ఏళ్ల వయసులో రాజమండ్రి వచ్చారు. మా అమ్మే ఆవిడకి చీర కట్టింది. కానీ పేరు సంగతి చెప్పిన దగ్గర్నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. "కేటు అంటే మోసగాడు, కేతువంటే పాపగ్రహం, పసిపిల్లకి అదేం పేరే" అంటుంది. నాన్నేమో వాళ్లమ్మ సీతామహాలక్ష్మి పేరు పెట్టాలంటున్నారు. కేటె అనే పేరున్నవాళ్లలో గొప్పవాళ్లెవరైనా ఉన్నారా? ఉంటే అది చెప్పయినా అమ్మని ఒప్పిస్తాను. రోజూ ఇదే టెన్షన్.
– ఒక పాఠకురాలు, కొలోన్

సమాధానం:

అమ్మా, ఉన్నారు. చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒకామె చేతిపని నకలు మీ ఊళ్లోనే ఉంది, ట్రామ్ ఎక్కి వెళ్లి చూసి రావచ్చు. ఆ సంగతికి వస్తాను. నా సలహా మాత్రం ముందే చెప్పేస్తాను, ఎదురుచూడక్కర్లేకుండా. కేటె పేరు పెట్టండి. దాని పక్కనే సీత పేరూ పెట్టండి. రెండూ కాగితాలమీదకి ఎక్కించండి.

కేటె అనేది కాథరీనా అనే పెద్ద పేరుకి ఇంట్లో పిలుచుకునే రూపం. మన సుబ్బలక్ష్మి సుబ్బులు అయినట్టే. రాతలో టి పక్కన హెచ్ ఉన్నా పలికేది 'ట'నే, చివర్న ఒత్తు లేకుండా తేలిగ్గా వదిలేస్తారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టిన జర్మన్ ఆడపిల్లల్లో ఈ పేరు బాగా వినిపించేది. తర్వాత పాతబడి మామ్మల పేరైపోయింది. ఇప్పుడు ఎమ్మా, ఫ్రీడా, ఇడా లాంటి పాతకాలం పేర్లు అక్కడి కిండర్‌గార్టెన్లలో మళ్లీ వినిపిస్తున్నాయి, మీకు తెలిసే ఉంటుంది. కాబట్టి "ముసలమ్మ పేరు" అని పాపని అక్కడ ఎవరూ ఏడిపించరు.

పేరు ఎంత పాతదంటే, మత సంస్కర్త మార్టిన్ లూథర్ తన భార్యని ఇలాగే పిలిచేవాడు. ఆమె అసలు పేరు కాథరీనా ఫన్ బోరా. చిన్నప్పుడే సన్యాసినుల మఠంలో చేర్చారు. 1523లో ఈస్టర్ వేళ మరికొందరితో కలిసి సరుకుల బండిలో దాక్కుని అక్కడినుంచి బయటపడింది. రెండేళ్లకి లూథర్‌ని పెళ్లాడింది. విట్టెన్‌బర్గ్‌లో వాళ్ల ఇల్లంటే పిల్లలు, విద్యార్థులు, వచ్చేపోయే అతిథులతో ఒక సత్రం. తోట, పశువులు, బీరు కాచడం, డబ్బు లెక్కలు అన్నీ ఆమె చేతిమీదుగానే నడిచేవి. లూథర్ ఆమెకి ఉత్తరం రాస్తే "మా కేటె దొరగారికి" అనే ధోరణిలో మొదలుపెట్టేవాడు. అందులో చనువు ఉంది, ఇంటి పెత్తనం ఎవరిదో ఒప్పుకోవడమూ ఉంది.

ఇక అసలు మనిషి. చిత్రకారిణి, శిల్పి కేటె కోల్విట్స్.

1867 జూలై 8న క్యోనిగ్స్‌బర్గ్‌లో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కాలినిన్‌గ్రాడ్. తండ్రి ఇళ్లు కట్టే మేస్త్రీ. ఆ రోజుల్లో ఆడపిల్లల్ని ఆర్ట్ అకాడమీల్లో చేర్చుకునేవాళ్లు కాదు. కూతురి చేతిలో విద్య ఉందని ఆయన కనిపెట్టాడు. ఇంటి దగ్గర పాఠాలు చెప్పించి, తర్వాత బెర్లిన్, మ్యూనిక్ నగరాల్లో ఆడవాళ్ల కోసం నడిచే చిత్రకళ బడులకి పంపాడు. 1891లో కార్ల్ కోల్విట్స్ అనే డాక్టర్‌ని పెళ్లి చేసుకుని బెర్లిన్‌లో కూలీలు, పనివాళ్లు ఉండే పేటలో కాపురం పెట్టింది. ఆయన వైద్యం చేసేదీ వాళ్లకే. ఆయన దగ్గరికి వచ్చే ఆడవాళ్లనే ఆమె చూసింది. చంటిపిల్లని చంకనేసుకుని, కడుపుతో, కాళ్లు వాచి, మొగుడికి పని లేక, చెప్పుకోవడానికి ఎవరూ లేక వచ్చినవాళ్లు. జీవితమంతా వాళ్లనే గీసింది.

మొదట పేరు తెచ్చింది నేతపనివాళ్ల తిరుగుబాటు మీద వేసిన ఆరు బొమ్మల వరస. 1844లో సైలీషియా ప్రాంతంలో జరిగిన తిరుగుబాటు అది. అందులో మొదటి బొమ్మ చూడండి. చూరు తక్కువగా ఉన్న చీకటి గది. మంచం మీద జబ్బుపడ్డ బిడ్డ. పక్కన తల్లి రెండు చేతులతో తల పట్టుకుని వంగిపోయి ఉంటుంది. వెనక గదినంతా మగ్గమే ఆక్రమించేసింది, మనుషులకి చోటు లేదు. చీరాలలోనో సిరిసిల్లలోనో చేనేత ఇళ్లు తెలిసినవాళ్లు ఆ బొమ్మ ముందు ఒక్క నిమిషం ఆగిపోతారు. 1898లో ఈ బొమ్మలకి బంగారు పతకం ఇవ్వాలని నిర్ణేతలు సిఫారసు చేశారు. జర్మన్ చక్రవర్తి కుదరదన్నాడు. 1906లో ఇంట్లో కూర్చుని కూలిపని చేసే ఆడవాళ్ల మీద ఒక ఎగ్జిబిషన్ జరిగితే దానికి ఆమె పోస్టర్ వేసింది. అందులో ఉన్నది అలిసిపోయిన ఒక స్త్రీ ముఖం, అంతే. ఆ పోస్టర్లు కనబడకుండా చేస్తే తప్ప రానని మహారాణి పట్టుబట్టింది. అలిసిపోయిన ఆడదాని ముఖం చూడటానికి అంత ఇబ్బంది పడ్డారంటే ఆ గీతలో ఎంత బలం ఉందో ఊహించుకోండి.

తర్వాత చెప్పేది కడుపుతో ఉన్న మీకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పకపోతే ఆమె ఎవరో తెలియదు. ఆమెకి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు పేటర్. 1914లో యుద్ధం వచ్చింది. పేటర్‌కి 18 ఏళ్లు. ఆ వయసులో సైన్యంలో చేరాలంటే తండ్రి సంతకం కావాలి. తండ్రి పెట్టనన్నాడు. కొడుకు తల్లిని బతిమాలుకున్నాడు, తల్లి తండ్రికి నచ్చజెప్పింది. ఆయన పెట్టాడు. అక్టోబరులో, ముందు వరసకి వెళ్లిన కొద్ది రోజులకే, బెల్జియంలో పేటర్ చనిపోయాడు.

అతని సమాధి దగ్గర పెట్టడానికి ఒక శిల్పం చెయ్యాలనుకుంది. ఏమి చేసినా తృప్తి లేక చెరిపేసింది, ఆపేసింది, మళ్లీ మొదలుపెట్టింది. 1932లో గానీ పూర్తి కాలేదు. మోకాళ్లమీద కూర్చున్న తండ్రి, తల్లి. తండ్రి నిటారుగా ఉంటాడు, తనని తానే పట్టుకున్నట్టు రెండు చేతులూ ఒంటికి బిగించుకుని. తల్లి పూర్తిగా ముందుకి వంగిపోయి ఉంటుంది. ఇద్దరూ వేరు వేరు రాళ్లమీద ఉన్నారు, ఒకరినొకరు తాకరు. కొడుకు పోయిన ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి తప్ప అలా చెక్కలేరు. అసలు శిల్పాలు ఇప్పుడు బెల్జియంలోని వ్లాద్స్లోలో, జర్మన్ సైనికుల శ్మశానంలో, పేటర్ సమాధికి ఎదురుగా ఉన్నాయి. వాటి నకలు కొలోన్‌లో ఉంది. పాత సెయింట్ ఆల్బన్ చర్చి బాంబుల్లో కూలిపోతే, కప్పులేని ఆ గోడల మధ్య వాటిని పెట్టారు. నగరం నడిబొడ్డున గ్యూర్త్సెనిష్ హాలు పక్కనే. మీరు ఎన్నిసార్లు ఆ దారిన వెళ్లి ఉంటారో. నోయ్‌మార్క్ట్ దగ్గర ఆమె పేరుతో మ్యూజియం కూడా 1985 నుంచి ఉంది. వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి.

కొడుకు పోయాక ఆమె మెల్లమెల్లగా యుద్ధానికి పూర్తి వ్యతిరేకి అయింది. 1924లో వేసిన "ఇక యుద్ధం వద్దు" పోస్టర్‌లో చెయ్యెత్తి అరిచే యువకుణ్ణి మీ అత్తగారి తరంవాళ్లు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. 1919లో ప్రష్యన్ కళల అకాడమీకి ఎన్నికైంది. ఆ రోజుల్లో ఒక మహిళకి ఆ సంస్థలో సభ్యత్వం రావడం చాలా అరుదు. 1933లో నాజీలు వచ్చి రాజీనామా చేయించారు. తర్వాత బొమ్మలు ప్రదర్శించుకునే దారి కూడా మూసేశారు. 1940లో భర్త పోయాడు. పోయిన కొడుకు గుర్తుగా పేటర్ అని పేరు పెట్టుకున్న మనవడు 1942లో ఇంకో యుద్ధంలో చనిపోయాడు. మరుసటేడు బెర్లిన్‌లో అర్ధశతాబ్దం కాపురమున్న ఇల్లు బాంబుదాడిలో బూడిదైంది. 1945 ఏప్రిల్ 22న, యుద్ధం ఇంకో రెండు వారాల్లో ముగుస్తుందనగా, డ్రెస్డెన్ దగ్గర మోరిట్స్‌బుర్గ్‌లో కన్నుమూసింది. చనిపోయిన కొడుకుని ఒళ్లో పెట్టుకున్న తల్లి శిల్పం ఒకటి చేసింది. దాని పెద్ద రూపాన్ని 1993 నుంచి బెర్లిన్‌లో, యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం దేశం తరఫున ఏర్పాటు చేసిన స్మారకంలో పెట్టారు. బెంగాల్ కరువు మీద చిత్తప్రసాద్, సోమనాథ్ హోర్ వేసిన బొమ్మలు చూసినవాళ్లకి కోల్విట్స్ గుర్తుకు రాక మానదు.

"ఇంత దుఃఖం ఉన్న మనిషి పేరు పాపకి ఎందుకు" అని మీ అమ్మగారు అడగొచ్చు. మన ఇళ్లలో సీత పేరు ఎంత ప్రేమగా పెట్టుకుంటామో ఆవిడకే తెలుసు. సీత పడిన కష్టాలు చూసి ఎవరం ఆ పేరు మానెయ్యలేదు.

దుఃఖం లేని కేటె కావాలంటే ఇంకొకామె ఉంది, పాప పుట్టబోయే ఇంటికి చక్కగా సరిపోతుంది. కేటె క్రూజె. 1883లో బ్రెస్లౌలో పుట్టింది. కుట్టుపని చేసే తల్లి ఒంటరిగా పెంచింది. చిన్న వయసులోనే నాటకాల్లో నటి అయింది, శిల్పి మాక్స్ క్రూజెతో జీవితం మొదలుపెట్టింది. 1905లో క్రిస్మస్‌కి పెద్దకూతురు బొమ్మ కావాలంది. అమ్మకి చంటిపాప ఉంది కదా, తనకీ ఒకటి కావాలట. కేటె అప్పుడు పిల్లలతో స్విట్జర్లాండ్‌లో ఉంది. బెర్లిన్ నుంచి బొమ్మ కొనుక్కురమ్మని మాక్స్‌కి రాస్తే, దుకాణాల్లో బొమ్మలు దరిద్రంగా ఉన్నాయి, కొనను, నువ్వే చేసుకో అన్నాడు. ఆమె ఒక తువ్వాలు తీసుకుంది. అందులో ఇసుక పోసి నాలుగు మూలలూ ముడివేసి కాళ్లూ చేతులూ చేసింది. తలకాయ బంగాళాదుంప. కాలిన అగ్గిపుల్లతో కళ్లూ ముక్కూ గీసింది. పాప దాన్ని వదల్లేదు.

ఆ బంగాళాదుంప నుంచి మొదలై, పిల్లలు చంకనేసుకుని తిరగడానికి వీలైన మెత్తటి గుడ్డబొమ్మలు చెయ్యడం నేర్చుకుంది. అప్పట్లో బొమ్మ అంటే పింగాణీ తలకాయ, పడితే పగిలిపోయేది. 1910లో బెర్లిన్‌లో ఒక పెద్ద దుకాణంలో ఇంట్లో చేసిన ఆటబొమ్మల ప్రదర్శన పెడితే ఈమె బొమ్మలకి పేరొచ్చింది. వెంటనే అమెరికా నుంచి ఆర్డర్. బాద్ క్యోజెన్ అనే ఊళ్లో కార్ఖానా పెట్టింది. ఏడుగురు పిల్లల తల్లి. ఒక పెద్ద కంపెనీ తన బొమ్మల్ని కాపీ కొడితే కోర్టుకెక్కి 1925లో గెలిచింది. ఆటబొమ్మ కూడా కళాకారుల సృష్టేనని చట్టం చేత ఒప్పించిన కేసు అది. రెండో యుద్ధం తర్వాత ఆ ఊరు సోవియట్ వైపుకి పోయింది, కుటుంబం బవేరియాలోని డోనావ్యోర్త్‌లో మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టింది. ఆమె 1968లో పోయింది. ఆ బొమ్మలు ఈ రోజుకీ అమ్ముతున్నారు, ఖరీదెక్కువే. మీ అత్తగారి అటక మీద ఒకటి ఉందేమో అడిగి చూడండి.

మూడో ఆమె గురించి తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు, అందుకే వదలబుద్ధి కావడం లేదు. కేటె పౌలూస్, కుట్టుపని మనిషి. 1868లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక పల్లెలో పుట్టింది. బెలూన్లు ఎగరేసే హెర్మన్ లాటెమన్‌తో పరిచయమై తనూ ఆకాశానికెక్కింది. 1893లో బెలూన్ మీంచి పారాచూట్‌తో దూకింది. మరుసటేడు ఇద్దరూ కలిసి ఎక్కిన రోజున ఆమె క్షేమంగా దిగింది, అతని పారాచూట్ విచ్చుకోలేదు. ఆమె కళ్లెదుటే పోయాడు. కొన్నాళ్లు మంచానపడి లేచి, మళ్లీ ఎక్కింది. బతుకుతెరువు అదే మరి. తర్వాత వందకి పైగా దూకింది. సంచిలో మడిచి పెట్టుకునే పారాచూట్‌ని మెరుగుపరిచింది. మొదటి ప్రపంచయుద్ధంలో బెలూన్ల మీంచి కాపలా కాసే సైనికుల కోసం సుమారు 7,000 పారాచూట్లు ఆమె తయారుచేసిచ్చింది. ఎంతమంది తల్లుల కొడుకులు ఆమె కుట్టిన గుడ్డ పట్టుకుని నేలమీదకి దిగారో.

వియన్నాలో కేటె లైష్టర్ అని ఇంకొకామె. ఆర్థికశాస్త్రం చదివి, అక్కడి కార్మిక మండలిలో మహిళా విభాగం నడిపింది. 1932లో 1,320 మంది ఫ్యాక్టరీ ఆడవాళ్లని, ఎన్నింటికి లేస్తారు, వంట ఎవరు చేస్తారు, పిల్లల్ని ఎవరు చూస్తారు అని అడిగి వాళ్ల జవాబులు అచ్చువేసింది. ఇంటిపని కూడా పనేనని లెక్కల్లో చూపించిన తొలితరం వాళ్లలో ఒకరు. యూదురాలు కావడంతో, సోషలిస్టు కావడంతో నాజీలు 1938లో పట్టుకున్నారు, 1942లో చంపేశారు. ఆస్ట్రియాలో ఆమె పేరుతో ఏటా అవార్డులిస్తున్నారు.

నాకు ఈ పేరు మీద గౌరవం ఎందుకంటే, ఇది రాణుల పేరు కాదు. చేతులతో పనిచేసిన ఆడవాళ్ల పేరు. కానీ, మీరు అమ్మగారి ముందు ఈ చిట్టా అంతా చదివితే ఆవిడ మెత్తబడతారని మాత్రం నేననుకోను. తెలియని దేశంలో తెలియని గొప్పవాళ్లు ఆవిడకి ఏమవుతారు? ఆవిడకి తెలిసిన కేటె ఒక్కరే ఉన్నారు. 79 ఏళ్ల వయసులో విమానమెక్కి, ఎండల ఊరికి వచ్చి, భాష రాకపోయినా ఆవిడ ముందు నిలబడి చీర కట్టించుకున్న మనిషి. అమ్మతో ఆ మామ్మగారి గురించి మాట్లాడండి. ఆ రోజు కుచ్చిళ్లు పోస్తుంటే ఏమైంది, భోజనాల దగ్గర ఆవిడ ఏం తిన్నారు, వెళ్తూ వెళ్తూ అమ్మకి ఏమిచ్చారు, ఆ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపండి. పేరు గురించి ఆ పూట ఎత్తకండి. అమ్మగారు ఏడుస్తున్నది గ్రహాల గురించి అని నాకు అనిపించడం లేదు. మనవరాలు దూరంలో, వేరే భాషలో పెరుగుతుంది, పేరు కూడా తన నోటికి తిరగకపోతే ఆ పిల్ల తనదెలా అవుతుందన్న దిగులు అది. ఆ దిగులు న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాల్సింది మీరే.

ఇక కేతువు సంగతి. కేతు అన్నంత మాత్రాన మనవాళ్లు ఎన్నడూ పారిపోలేదు. తిక్కన కాలంలో దశకుమారచరిత్రను తెలుగు చేసిన కవి పేరు కేతన. కడప కథకుడు విశ్వనాథరెడ్డిగారి ఇంటిపేరే కేతు, ఎంత గౌరవంగా పలుకుతాం! అక్షరాల పట్టింపు ఉంటే ఇంకో మాట. పునర్వసు నక్షత్రానికి కే, కో, హా, హీ అని చెబుతారు. పాప ఆ నక్షత్రం మొదటి పాదంలో పుడితే పంతులుగారు ఇచ్చే అక్షరమే 'కే'. పుట్టకపోయినా ఫర్వాలేదు, జన్మనామం వేరే ఉంచుకుని పిలిచే పేరు వేరే పెట్టుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. కేటు అని పిల్లలు ఏడిపించడం నిజంగానే జరగొచ్చు, సెలవులకి రాజమండ్రి వచ్చినప్పుడు. అందుకే రెండో పేరు కావాలన్నాను. అక్కడ సీత అని పిలవండి. జర్మన్లు సీతని 'జీత' అంటారు, రాజమండ్రిలో కేటెని 'కేటి' అంటారు. రెండు చోట్లా పాప పలుకుతుంది.

అసలు మీ నాన్నగారి కోరికా మీ అత్తగారి కోరికా ఒకటే. పోయిన పెద్దావిడ పేరు ఇంట్లో వినబడాలి. మన గోదావరి జిల్లాల్లో మనవరాలికి మామ్మ పేరు పెట్టడం రివాజు. అత్తగారి పేరు నోటితో అనకూడదని కోడలు ఆ పిల్లని 'అమ్మాయి' అనో 'పాప' అనో పిలిచేది. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పండి. వాళ్ల కోరిక మీకు వింతగా లేదని తెలిస్తే ఆవిడ రెండో పేరుకి అడ్డు చెప్పరు.

కాగితాల విషయం. పాప పుట్టిన వారంలోగా స్టాండెస్‌ఆమ్ట్‌లో, అంటే జననాలు నమోదు చేసే ఆఫీసులో, నమోదు చేయించాలి, చాలా చోట్ల ఆస్పత్రివాళ్లే పంపిస్తారు. పేరు తేలకపోతే నెల రోజుల వరకు గడువుంటుంది. కాబట్టి బారసాల అయ్యాక పేరు ఇచ్చినా మించిపోయేది లేదు. ఒకటికి మించి పేర్లు పెట్టుకోవచ్చు. మధ్యలో గీత లేకుండా విడివిడిగా 'కేటె సీత' అని రాయించండి. గీతతో కలిపితే రెండూ ఒకే పేరైపోతాయి. విడిగా ఉంటే వాటి వరసని తర్వాత మార్చుకునే వీలు 2018 నుంచి అక్కడి చట్టంలో ఉంది. పెద్దయ్యాక పాపకి సీతే ముందు కావాలనిపిస్తే మార్చుకుంటుంది. మన పేర్లకి అక్కడి ఆఫీసులు ఒప్పుకోవేమోనన్న భయం వద్దు. భారతీయ మూలాలున్న ఒక కుటుంబం కూతురికి కిరణ్ అని పేరు పెడితే, అది ఆడపేరో మగపేరో తెలియడం లేదని అధికారులు నిరాకరించారు. 2008లో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆ కుటుంబం పక్షానే తీర్పిచ్చింది. సీతకి ఆ తంటా కూడా ఉండదు. 2025 మే నుంచి తల్లిదండ్రులిద్దరి ఇంటిపేర్లూ కలిపి బిడ్డకి పెట్టుకునే వీలు వచ్చింది, మీ ఇంటిపేరు కూడా నిలవాలనుకుంటే అదీ అడగండి.

ఒక చిన్న చిక్కుంది. జర్మన్ రాతలో కేటె పేరులోని 'ఎ' మీద రెండు చుక్కలుంటాయి. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరసల్లో చుక్కలు పడవు, వాటి బదులు కె, ఎ, ఇ, టి, హెచ్, ఇ అని వస్తుంది. విమానం టికెట్లకి ఆ స్పెల్లింగే వాడండి. ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే కార్డు) దరఖాస్తు నింపేటప్పుడు పేరు ఏ స్పెల్లింగ్‌తో రాయాలో కాన్సులేట్‌ని ముందే అడిగి, మొదట్నుంచీ ఒక్కటే వాడండి. ఒకచోట చుక్కలు తీసేసి, ఇంకోచోట 'ఇ' చేర్చి రాస్తే పదేళ్లు అఫిడవిట్లతో తిరగాలి.

ఇంకొకటి కనుక్కోండి. మీ మామ్మగారి జనన పత్రంలో కేటె అనే ఉందా, కాథరీనా అని ఉందా? నేను చెప్పినవాళ్లలో పౌలూస్, క్రూజె ఇద్దరూ పుట్టుకతో కాథరీనాలే. ఆవిడ కూడా అంతే అయితే మీకు ఇంకో దారి దొరుకుతుంది. కాగితం మీద కాథరీనా సీత, ఇంట్లో కేటె. చుక్కల గొడవ ఉండదు, అమ్మగారి చెవికీ కొంచెం నయం. నన్నడిగితే మాత్రం ఆవిడని అందరూ పిలిచిన పేరే రాయించమంటాను.

ముందు నాన్నగారికి ఫోన్ చెయ్యండి. వాళ్లమ్మ పేరు జర్మన్ పాస్‌పోర్టులో అచ్చవుతుందని చెప్పండి. ఆయన ఒప్పుకున్నాక అమ్మని పురిటికి రమ్మని టికెట్ తీయండి. వీసా పనికి టైం పడుతుంది, ఈ వారమే మొదలుపెట్టండి. అత్తగారిని ఆ జనన పత్రం, మీ పెళ్లినాటి ఆల్బమ్ రెండూ తీసి ఉంచమనండి. బారసాలనాడు బియ్యంలో పేరు రాసేది మీ ఆయనే కాబట్టి, కేటె, సీత అని తెలుగులో రాయడం ఇప్పట్నుంచే నేర్పించండి.